లైను లేచి ఉందా, దిగి ఉందా: వర్చువల్ మెషిన్‌లో ఇంటరప్ట్ తప్పిపోయే చోట్లు

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు చిప్‌ల మీద పనిచేసే బృందాలు బోర్డు చేతికి రాకముందే డ్రైవర్లు రాస్తుంటాయి. ఆ డ్రైవర్లు మొదట నడిచేది ఎమ్యులేటర్ మీదే, అంటే అసలు మెషిన్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ మీద. నగరం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చిన్న కెర్నల్ రాసే విద్యార్థులు కూడా దాన్ని ముందు క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో బూట్ చేసి చూసుకుంటారు. ఈ రెండు చోట్లా తరచూ వినిపించే మాట ఒకటుంది: ఎమ్యులేటర్‌లో బాగానే నడిచింది, అసలు మెషిన్ ఎక్కించగానే బిగుసుకుపోయింది. ఒక్కోసారి దీనికి తిరగేసిన మాటా వస్తుంది. కూడికలో తప్పు చేసే ఎమ్యులేటర్ గంటలో దొరికిపోతుంది. ఇంటరప్ట్‌లో (పరికరం ప్రాసెసర్‌ను ఆపి తనవైపు చూడమని అడిగే సంకేతంలో) తప్పు చేసేది మాత్రం నెలల తరబడి దొరకదు. హోస్ట్ (ఎమ్యులేటర్ నడిచే అసలు మెషిన్) మీద లోడు పెరిగిన రోజున, మెమరీ బిగుసుకున్న రాత్రి బయటపడి, మళ్లీ మాయమవుతుంది.

ఇలాంటి బగ్‌లలో ఎక్కువ భాగానికి వేరు ఒకటే. ఇంటరప్ట్‌ను ఒక కబురులా ఊహించుకుని, పరికరం కోడ్‌లోంచి ఒక ఫంక్షన్ పిలిచి ‘వచ్చింది’ అని చెప్పేసి మరిచిపోవడం. అసలు హార్డ్‌వేర్‌లో అది ఒక తీగ. తీగకు ప్రతి క్షణం ఒక స్థితి ఉంటుంది. ఆ స్థితిని ఎవరు ఎత్తారు, ఎవరు దించాలి, మధ్యలో ఎవరు గుర్తుపెట్టుకున్నారు అన్న లెక్క తప్పితే, తర్వాత ఎంత వేగంగా అందించినా లాభం లేదు.

కుక్కర్ విజిల్, పొర్లే ట్యాంకు

ఎడ్జ్ రకం ఇంటరప్ట్, అంటే లైను లేచిన అంచును మాత్రమే లెక్కించేది, కుక్కర్ విజిల్ లాంటిది. వచ్చిన క్షణంలో లెక్కపెట్టుకుంటేనే ఉంది, టీవీ గోలలో ఒకటి వినబడకపోతే అది పోయినట్టే. లెవెల్ రకం, అంటే లైను ఎత్తుగా ఉన్నంతసేపూ అడుగుతూనే ఉండేది, అపార్ట్‌మెంట్ మీద ట్యాంకు నిండి పొర్లడం లాంటిది. వాచ్‌మన్ చూసినా చూడకపోయినా, ఎవరో వెళ్లి మోటార్ కట్టేసేదాకా నీళ్లు కారుతూనే ఉంటాయి. పీసీలో టైమర్, కీబోర్డ్, సీరియల్ పోర్ట్ లాంటి పాత ఐఎస్ఏ పరికరాలు ఎడ్జ్ రకం. పీసీఐ పరికరాల ఐఎన్‌టీఎక్స్ లైన్లు లెవెల్ రకం, ఒకే లైను మీద రెండు మూడు పరికరాలు ఉండొచ్చు. ఎంఎస్ఐ, ఎంఎస్ఐ-ఎక్స్‌ అనే సందేశ రకం ఇంటరప్ట్‌లకు తీగే లేదు. హెక్స్‌లో ఎఫ్ఈఈతో మొదలయ్యే చిరునామాకు చేసే ఒక మెమరీ రైట్ అది, నడక మాత్రం ఎడ్జ్ లాగానే.

ఎడ్జ్‌ను లెవెల్‌గా అనుకరిస్తే గెస్ట్‌కు (ఎమ్యులేటర్ లోపల నడిచే సిస్టమ్‌కు) ఒకే ఇంటరప్ట్ పదేపదే తగులుతుంది. లెవెల్‌ను ఎడ్జ్‌గా అనుకరిస్తే ఇంకా ప్రమాదం. పంచుకున్న లైను మీద మొదటి పరికరం పని ముగిసినా రెండోది ఇంకా లైను ఎత్తిపట్టి ఉంటుంది, కానీ కొత్త అంచు రాదు కాబట్టి ఆ రెండో పరికరం శాశ్వతంగా మూగబోతుంది.

1984 నాటి ఐబీఎం పీసీ/ఏటీలో రెండు 8259 ఇంటరప్ట్ కంట్రోలర్ చిప్‌లను (పరికరాల లైన్లను ప్రాసెసర్‌కు చేరవేసేవి) గొలుసుగా కలిపారు. ఒక్కోదానికి 8 లైన్లు, రెండో చిప్ మొదటిదాని 2వ లైనుకు తగులుతుంది, కాబట్టి పరికరాలకు మిగిలేవి 15. పెద్ద చిప్ (మొదటిది) హెక్స్ 20, 21 పోర్టుల దగ్గర, చిన్నది (రెండోది) హెక్స్ ఏ0, ఏ1 దగ్గర పలుకుతాయి. లోపల మూడు రిజిస్టర్లు: అడిగినవి ఐఆర్ఆర్‌లో, మూసిపెట్టినవి ఐఎంఆర్‌లో, హ్యాండ్లర్ (ఆ ఇంటరప్ట్‌ను తీర్చే కోడ్) నడుస్తున్నవి ఐఎస్ఆర్‌లో. ప్రాసెసర్ ‘సరే, ఎవరది?’ అని రెండు ఐఎన్‌టీఏ పల్స్‌లు పంపుతుంది. మొదటి దానికి ఐఎస్ఆర్ బిట్ లేచి ఐఆర్ఆర్ బిట్ దిగుతుంది, రెండో దానికి ఏ హ్యాండ్లర్ నడపాలో చెప్పే వెక్టర్ నంబరు వస్తుంది.

మరి ప్రాసెసర్ అడిగేలోపే పరికరం లైను దించేస్తే? 8259 అప్పటికే ప్రాసెసర్‌ను లేపింది, ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. అప్పుడు 7వ లైను వెక్టర్ ఇస్తుంది, ఐఎస్ఆర్‌లో మాత్రం ఏ బిట్టూ ఎత్తదు. దీన్నే స్ప్యూరియస్ ఇంటరప్ట్ అంటారు. విద్యార్థి రాసిన కెర్నల్ దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. 7వ లైను హ్యాండ్లర్‌లో ఐఎస్ఆర్ చూడకుండా అలవాటుగా హెక్స్ 20 రాసి ఈఓఐ (‘పని అయింది’ అన్న కబురు) పంపిస్తే, ఆ ఈఓఐ అప్పుడు నడుస్తున్న వేరొకరి బిట్‌ను చెరిపేస్తుంది. చిన్న చిప్ నుంచి స్ప్యూరియస్ 15 వస్తే చిన్నదానికి ఈఓఐ పంపకూడదు, పెద్దదానికి తప్పకుండా పంపాలి, ఎందుకంటే దానిలో 2వ లైను బిట్ నిజంగానే లేచింది. స్ప్యూరియస్‌ను అసలు పుట్టించని ఎమ్యులేటర్ మీద ఈ తప్పు ఎప్పటికీ కనబడదు. ఎమ్యులేటర్ ‘మరీ మంచిగా’ ఉండటం కూడా తప్పే.

ఒక ఇన్‌స్ట్రక్షన్ ఆలస్యం

ప్రాసెసర్ వైపు ఖచ్చితత్వం అంతా ఇన్‌స్ట్రక్షన్ల మధ్య సందులోనే ఉంది. ఎక్స్86లో ఎస్‌టీఐ ఇన్‌స్ట్రక్షన్ ఇంటరప్ట్‌లను తెరుస్తుంది, కానీ వెంటనే కాదు. దాని తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఒకటి పూర్తయ్యేదాకా తలుపు మూసే ఉంటుంది. ఈ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఆలస్యం మీదే ఆపరేటింగ్ సిస్టమ్‌ల నిద్ర ఆధారపడి ఉంది. ఐడిల్ లూప్‌లో పని లేదని తేల్చుకున్నాక ఎస్‌టీఐ, ఆ వెంటే ప్రాసెసర్‌ను నిద్రపుచ్చే హెచ్ఎల్‌టీ. ఆలస్యాన్ని పట్టించుకోని ఎమ్యులేటర్ ఆ రెండింటి మధ్య ఇంటరప్ట్ దూర్చిందనుకోండి. హ్యాండ్లర్ నడిచి, పని వచ్చిందని జెండా ఎత్తి, తిరిగొచ్చి హెచ్ఎల్‌టీ మీద పడుతుంది. గెస్ట్ పని ఉండీ నిద్రపోతుంది. తర్వాతి టైమర్ టిక్ వచ్చేదాకా లేవదు. టిక్ ఆపేసి నిద్రించే కెర్నల్ అయితే ఎంతసేపటికో. బయటికి ఇది ‘నెట్‌వర్క్ కాస్త నెమ్మదిగా ఉంది’ అన్నట్టు కనిపిస్తుంది, అందుకే దొరకదు. స్టాక్ సెగ్మెంట్ మార్చే మూవ్ ఎస్ఎస్, పాప్ ఎస్ఎస్‌ల తర్వాత కూడా ఇలాంటి ఆలస్యమే (దీన్నే నీడ అంటారు) ఒక ఇన్‌స్ట్రక్షన్ పాటు ఉంటుంది.

కోడ్‌ను ముక్కలుగా అనువదించి నడిపే క్యూఎము టీసీజీ లాంటి పద్ధతిలో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరా చూడటం ఖర్చు. అందుకని ముక్క మొదట్లోనే ఒక జెండా చూస్తారు. ముక్కలు ఒకదానికొకటి నేరుగా గొలుసుకట్టి ఉంటాయి కాబట్టి ఈ చూపు ప్రతి ముక్కలోనూ ఉండి తీరాలి. లేకపోతే తన మీదికే తాను దూకే ఖాళీ లూప్ బయటికి రానేరాదు. ఎస్‌టీఐ దగ్గర ముక్కను తెంపి, నీడ ఉందని గుర్తు పెట్టి, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అయ్యాక మళ్లీ చూడాలి. రెప్ మూవ్స్ లాంటి స్ట్రింగ్ ఇన్‌స్ట్రక్షన్లు మరో కథ. అసలు ప్రాసెసర్ వాటిని ఆవృత్తికీ ఆవృత్తికీ మధ్య ఆపగలదు. ఎమ్యులేటర్ మొత్తం కాపీని ఒకే దమ్ములో చేస్తే పెద్ద కాపీల దగ్గర టైమర్ ఆలస్యమవుతుంది.

హార్డ్‌వేర్ సాయంతో నడిచేటప్పుడు ఈ పనిలో కొంత ప్రాసెసరే చూసుకుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ల వర్చువలైజేషన్ సదుపాయమైన వీటీ-ఎక్స్‌లో గెస్ట్‌లోకి వెళ్లే ముందు ఒక 32 బిట్ల ఫీల్డ్ నింపాలి: కింది 8 బిట్లు వెక్టర్, 8 నుంచి 10 వరకు రకం, 31వ బిట్ ‘ఇది చెల్లుతుంది’ అన్న ముద్ర. గెస్ట్ ఇంటరప్ట్‌లు మూసుకుని ఉంటే, లేదా నీడలో ఉంటే, ఇంజెక్షన్ (గెస్ట్‌కు ఇంటరప్ట్ ఎక్కించడం) చేయకూడదు. ఇంటరప్ట్-విండో ఎగ్జిట్ అడిగి వదిలేయాలి. తలుపు తెరుచుకోగానే ప్రాసెసరే బయటికి వచ్చి చెబుతుంది.

ఇక్కడ ఒక గుంట ఉంది, అనుభవజ్ఞులు కూడా పడేది. ఇంజెక్షన్ చేశారు, గెస్ట్‌లోకి వెళ్లారు. ప్రాసెసర్ హ్యాండ్లర్ దగ్గరికి దూకే ముందు గెస్ట్ స్టాక్ మీద ఫ్లాగ్‌లూ తిరుగు చిరునామా పెడుతుంది. ఆ స్టాక్ పేజీని హోస్ట్ అప్పుడే స్వాప్‌లోకి పంపించి ఉంటే ఈపీటీ వయొలేషన్‌తో (గెస్ట్ పేజీ అందుబాటులో లేదన్న లోపంతో) బయటికి వచ్చేస్తుంది. ఇంటరప్ట్ సగం దారిలో ఉంది. ఆ సంగతి ఐడీటీ-వెక్టరింగ్ ఫీల్డ్‌లో రాసి ఉంటుంది. పేజీ తెచ్చాక ఆ ఫీల్డ్ చూసి అదే ఇంటరప్ట్‌ను మళ్లీ ఎక్కించాలి. మరిచిపోతే జరిగేది ఇది: ఇంటరప్ట్ కంట్రోలర్ తన లెక్కలో దాన్ని ఐఆర్ఆర్ నుంచి ఐఎస్ఆర్‌కు జరిపేసింది, హ్యాండ్లర్ మాత్రం నడవలేదు. హ్యాండ్లర్ నడవలేదు కాబట్టి ఈఓఐ రాదు. ఈఓఐ రాదు కాబట్టి ఆ ప్రాధాన్యతకూ దాని కిందికీ చెందిన ఇంటరప్ట్‌లన్నీ ఆగిపోతాయి. హోస్ట్‌లో మెమరీ పుష్కలంగా ఉన్నన్నాళ్లూ ఈ దారి ఒక్కసారి కూడా నడవదు. అందుకే టెస్ట్ బెంచ్ మీద హోస్ట్ మెమరీని కావాలని తగ్గించి, గెస్ట్ పేజీలు స్వాప్‌లోకి వెళ్లేలా చేసి నడపడం తప్పనిసరి.

సీరియల్ పోర్ట్ దగ్గర నుంచి చూస్తే

16550 సీరియల్ చిప్ రెండు పేజీల్లో అనుకరించగలిగే పరికరం. కొత్తగా ఎమ్యులేటర్ రాసేవారు ఎక్కువగా తొలి తప్పు చేసేదీ ఇక్కడే, అందుకే దీన్ని కాస్త విడమరచి చూడాలి.

లక్షణం ఇలా ఉంటుంది: కన్సోల్ మీద బూట్ సందేశాలు వస్తూ వస్తూ సగం వాక్యంలో ఆగిపోతాయి. ఏదైనా కీ నొక్కగానే ఇంకొన్ని అక్షరాలు కక్కి మళ్లీ ఆగుతాయి. కారణం పంపే బఫర్ ఖాళీ అయిందని చెప్పే ఇంటరప్ట్. డ్రైవర్ ఇంటరప్ట్‌లను అనుమతించే ఐఈఆర్ రిజిస్టర్‌లో 1వ బిట్ ఎత్తిన క్షణంలో బఫర్ అప్పటికే ఖాళీగా ఉంటే, వెంటనే ఇంటరప్ట్ రావాలి. ‘నిండిన బఫర్ ఖాళీ అయినప్పుడు మాత్రమే’ అని రాసుకున్న ఎమ్యులేటర్‌లో అది రాదు, డ్రైవర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కీ నొక్కితే స్వీకరణ ఇంటరప్ట్ వచ్చి హ్యాండ్లర్ నడుస్తుంది, ఆ హ్యాండ్లర్ పనిలో పనిగా పంపే బఫర్ కూడా చూస్తుంది కాబట్టి కాస్త కదులుతుంది. ఇలాంటి చిప్‌లు నిజంగా కూడా ఉన్నాయి. లైనక్స్ 8250 డ్రైవర్ పోర్ట్ తెరిచేటప్పుడే దీన్ని పరీక్షించి చూసుకుంటుంది.

రెండో తప్పు ఐఐఆర్ చదివినప్పుడు. ఈ రిజిస్టర్ అన్నిటికన్నా ప్రాధాన్యత ఉన్న కారణాన్ని ఒక్కటే చూపిస్తుంది: ముందు లైన్ స్టేటస్ లోపాలు, తర్వాత వచ్చిన డేటా, తర్వాత ఖాళీ బఫర్, చివర మోడెమ్ స్టేటస్. చదవడం వల్ల చెరిగేది ఖాళీ-బఫర్ కారణం ఒక్కటే, అదీ తానే కనిపించినప్పుడు. వచ్చిన డేటా కారణం డేటా చదివితేనే పోతుంది. ఐఐఆర్ చదవగానే అన్నీ తుడిచేసే ఎమ్యులేటర్‌లో టైప్ చేసిన అక్షరాలు అక్కడక్కడా మాయమవుతాయి.

మందు సులువు, క్రమశిక్షణ కావాలి. ఇంటరప్ట్ లైనును ఎక్కడా చేత్తో ఎత్తొద్దు, దించొద్దు. ఒకే ఒక్క ఫంక్షన్ ఉంచి, ప్రతి రిజిస్టర్ చదువూ రాతా అయ్యాక దాన్ని పిలవాలి. అది సజీవంగా ఉన్న కారణాలనూ ఐఈఆర్ అనుమతులనూ కలిపి చూసి, మోడెమ్ కంట్రోల్ రిజిస్టర్ ఎంసీఆర్‌లో 3వ బిట్ లేచి ఉందో లేదో సరిచూసి (పీసీలో ఆ బిట్ లేనిదే లైను బయటికి రాదు), లైను స్థాయి ఇది అని చెప్పాలి. ప్రతి కారణానికీ ఒక పల్స్ కొట్టే దారి తేలికగా అనిపిస్తుంది, చాలాసార్లు నడుస్తుంది కూడా. కానీ ఒక కారణం తీరి మరొకటి మిగిలి ఉన్నప్పుడు అసలు చిప్ లైను దించదు, కొత్త అంచూ రాదు. ఐఐఆర్ ‘ఏమీ లేదు’ అనేదాకా తిరగని డ్రైవర్ అసలు మెషిన్ మీద ఆగిపోతుంది, పల్స్‌ల ఎమ్యులేటర్ మీద హాయిగా నడుస్తుంది. మొదట్లో చెప్పుకున్న ఫిర్యాదు పుట్టేది ఇలాగే.

ఈఓఐ తిరిగి వచ్చే దారి

ఐఓ ఏపిక్‌లో (పరికరాల లైన్లను కోర్లకు పంపే కొత్త తరం కంట్రోలర్) మామూలుగా 24 ఎంట్రీలు, ఒక్కోటి 64 బిట్లు. లెవెల్ రకం ఇంటరప్ట్‌ను లోకల్ ఏపిక్ (ఒక్కో కోర్‌కు ఉండే కంట్రోలర్) అందుకోగానే ఎంట్రీలో 14వ బిట్, రిమోట్ ఐఆర్ఆర్, లేస్తుంది. అది లేచి ఉన్నంతసేపూ అదే లైనుకు రెండోసారి పంపదు. గెస్ట్ ఈఓఐ రాస్తే ఆ వెక్టర్ నంబరు ఐఓ ఏపిక్‌కు చేరి బిట్ దిగుతుంది. లైను ఇంకా ఎత్తుగానే ఉంటే మళ్లీ పంపుతుంది. కాబట్టి ఈఓఐ ఎమ్యులేషన్ అంటే ఐఎస్ఆర్‌లో బిట్ చెరపడంతో అయిపోదు. ఆ వెక్టర్ లెవెల్ రకమా అని లోకల్ ఏపిక్‌లోని టీఎంఆర్ రిజిస్టర్‌లో చూసి, ఐఓ ఏపిక్ దాకా కబురు వెళ్లాలి, అక్కడ లైను మళ్లీ చూడాలి. ఏపిక్ వర్చువలైజేషన్ ఉన్న ప్రాసెసర్లలో ఈఓఐ రాత హైపర్‌వైజర్‌కు (గెస్ట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) తెలియకుండానే జరిగిపోతుంది. లెవెల్ వెక్టర్లకు మాత్రం ఈఓఐ-ఎగ్జిట్ బిట్‌మ్యాప్‌లో బిట్ పెట్టకపోతే రిమోట్ ఐఆర్ఆర్ లేచినట్టే ఉండిపోతుంది.

వేగం ఎక్కువైనా చిక్కే. గెస్ట్ ఇంకా హ్యాండ్లర్ నమోదు చేయకముందే పరికరం లైను ఎత్తిపట్టిందనుకోండి. ఈఓఐ, మళ్లీ ఇంజెక్షన్, మళ్లీ ఈఓఐ, గెస్ట్ ఒక్క అడుగు ముందుకు వేయదు. అసలు హార్డ్‌వేర్‌లో ఈఓఐకీ తర్వాతి ఇంటరప్ట్‌కూ మధ్య చిన్న వ్యవధి ఉంటుంది, ఆ సందులో కోడ్ నెమ్మదిగానైనా కదులుతుంది. లైనక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం దీన్ని గుర్తించి, ఒకే లైను వరుసగా 10,000 సార్లు తిరిగి లేస్తే తర్వాతి దాన్ని సెకనులో వందో వంతు ఆలస్యం చేస్తుంది. గెస్ట్ వైపు లైనక్స్ కూడా తన కాపలా తాను పెట్టుకుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు మించి ఎవరూ పట్టించుకోకపోతే ‘నోబడీ కేర్డ్’ అని రాసి ఆ లైనును మూసేస్తుంది. గెస్ట్ లాగ్‌లో ఆ వాక్యం కనబడితే గెస్ట్ డ్రైవర్ కన్నా ముందు ఎమ్యులేటర్ లైను లెక్కనే అనుమానించాలి.

పంచుకున్న లైనుకు కౌంటర్ పెట్టడం ఇంకో సాధారణ పొరపాటు. ఒక పరికరం రెండుసార్లు ఎత్తి ఒకసారి దించితే కౌంటర్ సున్నాకు రాదు. ఒక్కో పరికరానికి ఒక్కో బిట్ ఉంచి, ఏ ఒక్కటి లేచినా లైను లేచినట్టు లెక్కించాలి.

టైమర్ టిక్‌లు

పాత పీఐటీ టైమర్ 11,93,182 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. సెకనుకు 1000 టిక్‌లు కావాలని గెస్ట్ 1193తో భాగిస్తే, టిక్ వ్యవధి 999.847 మైక్రోసెకన్లు, సరిగ్గా 1000 కాదు. ఎమ్యులేటర్ దాన్ని 1000 మైక్రోసెకన్లుగా సర్దేస్తే గెస్ట్ గడియారం రోజుకు సుమారు 13 సెకన్లు వెనకబడుతుంది. పాత టిక్ సమయానికి వ్యవధి కలుపుకుంటూ పోవద్దు. మొదలైన క్షణం నుంచి ఎన్నో టిక్ అన్నది పూర్ణాంకంగా ఉంచి, దాన్నుంచి నానోసెకన్లలో సమయం తీయాలి.

హోస్ట్ గెస్ట్ వీసీపీయూను (వర్చువల్ ప్రాసెసర్‌ను) 30 మిల్లీసెకన్లు పక్కన పెడితే 30 టిక్‌లు పేరుకుంటాయి. ఐఆర్ఆర్‌లో ఉన్నది ఒక్కటే బిట్, అన్నీ అందులో కలిసిపోతాయి. విజిల్స్ వినబడని కుక్కర్ ఇదే. టిక్‌లను లెక్కపెట్టి గడియారం నడిపే గెస్ట్‌కు పోయినవాటిని తిరిగి ఇవ్వాలి, కానీ గుప్పెడు ఒకేసారి విసిరితే మళ్లీ కలిసిపోతాయి. ఒకటి ఇచ్చి, గెస్ట్ దాన్ని తీర్చుకున్నాకే తర్వాతిది. కేవీఎంలో లైను ఎత్తే కాల్‌కు జవాబు తెచ్చే రకం ఒకటుంది. సున్నా వస్తే ‘పాతదానిలో కలిసిపోయింది’ అని అర్థం, పోయిన టిక్‌ల లెక్కకు అదే ఆధారం. కేవీఎం-క్లాక్ నుంచి నేరుగా సమయం చదువుకునే లైనక్స్ గెస్ట్‌కు ఈ సేవ అక్కర్లేదు, పోయిన టిక్‌లు పోనివ్వడమే మేలు. టిక్‌ల మీద ఆధారపడే పాత విండోస్ గెస్ట్‌కు క్యూఎములో ఆర్‌టీసీ డ్రిఫ్ట్‌ఫిక్స్‌ను స్లూగా పెట్టడం మరిచిపోవద్దు.

ఆగిపోయిన గెస్ట్‌ను చదవడం

గెస్ట్ బిగుసుకుపోగానే రీబూట్ చేయడం ఆధారాలను చెరిపేయడమే. ముందు ఆపి, క్యూఎము మానిటర్‌లో ఇన్ఫో పిక్, ఇన్ఫో ల్యాపిక్ చూడాలి. అక్కడి బిట్లే కారణం చెబుతాయి. ఐఎస్ఆర్‌లో ఒక బిట్ లేచి, ఆ హ్యాండ్లర్ ఎక్కడా నడవడం లేదంటే సగం దారిలో పోయిన ఇంజెక్షన్, లేదా రాని ఈఓఐ. ఐఆర్ఆర్‌లో బిట్ ఉండి, ఐఎస్ఆర్ ఖాళీగా, ప్రాధాన్యత హద్దు తక్కువగా, ఇంటరప్ట్‌లు తెరిచి ఉంటే వీసీపీయూ థ్రెడ్‌ను తట్టి లేపలేదన్నమాట. పరికరం థ్రెడ్ బిట్ రాసిన క్షణానికి వీసీపీయూ ‘ఏమీ లేదు’ అని చూసేసి గెస్ట్‌లోకి జారుకుంది. ఐఓ ఏపిక్‌లో రిమోట్ ఐఆర్ఆర్ 1గా ఉండి లోకల్ ఏపిక్‌లో ఆ వెక్టర్ ఎక్కడా లేకపోతే ఈఓఐ కబురు మధ్యలో పోయింది. పరికరం లైను ఎత్తిపట్టి, ఐఆర్ఆర్, ఐఎస్ఆర్ రెండూ ఖాళీగా ఉంటే ఆ లైను ఎడ్జ్‌గా నమోదై, అంచు ఎప్పుడో దాటిపోయింది.

లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ను మరో హోస్ట్‌కు మార్చడం) తర్వాత మాత్రమే ఆగుతుంటే, సేవ్ చేసిన స్థితిలో ఏం మరిచారో వెతకాలి. ఎక్కువగా మరిచేవి ఎస్‌టీఐ నీడ, సగం దారిలో ఉన్న ఇంజెక్షన్, 8259 గుర్తుపెట్టుకున్న పాత లైను స్థాయి. ఈ మూడోది సున్నాగా మారితే, అప్పటికే ఎత్తుగా ఉన్న లైను అవతలి మెషిన్‌లో కొత్త అంచులా కనబడి లేని ఇంటరప్ట్ పుడుతుంది.

బిట్లు సరిపోకపోతే కేవీఎం ట్రేస్ పాయింట్లలో మూడింటిని కలిపి రికార్డు చేయాలి: లైను మార్పు, ఇంజెక్షన్, ఈఓఐ. ఒక్కో వెక్టర్‌కు ఈ మూడూ వరుసగా పడుతున్నాయా అని చిన్న స్క్రిప్ట్‌తో సరిచూస్తే చాలు, జత తెగిన మొదటి చోటే బగ్ ఉన్న చోటు. కేవీఎం-యూనిట్-టెస్ట్స్‌లో ఏపిక్, ఐఓ ఏపిక్, ఈవెంట్ ఇంజెక్షన్ పరీక్షలు సిద్ధంగా ఉన్నాయి. సొంత ఎమ్యులేటర్ రాసేవారు వాటికి తోడు ఒక గెస్ట్ ప్రోగ్రాం రాసుకోవాలి: పక్క కోర్ నుంచి ఇంటరప్ట్ పంపిస్తూ, ఈ కోర్‌లో ఎస్‌టీఐ, హెచ్ఎల్‌టీ జతను పది లక్షల సార్లు తిప్పాలి, టైమర్ పూర్తిగా ఆపి ఉంచాలి. నీడ తప్పినా, తట్టి లేపడం తప్పినా ఆ లూప్ ఎక్కడో ఒక చోట నిలిచిపోతుంది, నిలిచిన చోట బిట్లు చదవొచ్చు.